మూడు మంచాల మీద ఒకే పేరు

నాకు ఉద్యోగం వచ్చింది గొంతు వల్ల, చదువు వల్ల కాదు. వేలూరులో ఆసుపత్రి వరండా మీద నిలబడి ఒక పేరు పిలిస్తే, ఎదురుగా చింతచెట్ల కింద చేరగిలబడ్డ వాళ్లకు కూడా వినబడాలి. ఆ రోజు నాతో పాటు వచ్చిన మెట్రిక్యులేషన్ వాళ్ల గొంతులు మెట్లు దిగలేదు. నాది రోడ్డు దాటింది. అంతే, నౌకరీ నాదైంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. రోగి పేరు పిలవాలి, లోపలికి తీసుకుపోవాలి, రోగి మాట డాక్టరు దొరకూ దొర మాట రోగికీ చెప్పాలి. మాది గుడియాత్తంలో నేతవాళ్ల ఇల్లు. తెలుగు ఇంట్లో వచ్చింది, అరవం వీధిలో వచ్చింది, ఉర్దూ కైలీలు, అంటే లుంగీలు, అమ్మే సాయిబుల అంగళ్లలో వచ్చింది. ఇంగ్లీషు పొట్టకూటి కోసం నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు మాత్రం పింఛను పుచ్చుకున్నాక పట్టుబడ్డాయి. ఈ రాతలో తప్పులుంటే మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ ఆసుపత్రుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు, చేతిలో చీటీ లేకపోతే ఎదుటి మనిషి ముఖం వంక చూడనివాళ్లు, ఈ సంగతి మట్టుకు కాస్త నిదానంగా చదవండి.

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరు. అది సిగ్గు అని దొరలు అనుకునేవారు. సిగ్గు కాదు, భయం. పేరు పెళ్లాం పెదవి దాటితే ఆయన ఆయుస్సులో అంత తరిగిపోతుందని. మా నాయన పేరులో వెంకన్న ఉన్నాడని మా అమ్మ తిరుపతి దేవుణ్ణి కూడా 'కొండమీదాయన' అనేది. మొక్కుకునేటప్పుడూ అంతే. తననే పిలుస్తున్నదని ఆ దేవుడికి తెలియదా ఏమి?

ఆసుపత్రిలో ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. మొగుణ్ణి చూడవచ్చిన ఆడమనిషి పక్కన మరిదో, పొరుగింటివాళ్లో ఉంటే వాళ్లు చెప్పేవాళ్లు. ఎవరూ లేకపోతే నా పద్ధతి నాకుంది. "ఏ దేవుడి పేరమ్మా?" అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకామె "నెమలి ఎక్కేటాయన" అనేది. ఒకామె "నెత్తిన గంగ ఉండేటాయన" అనేది. ఇంకొకామె నోరే విప్పకుండా వేపాకు తుంచి చూపించింది. "పచ్చయ్యా?" అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఎంత ముడి పేరైనా వక్క నమిలేలోపు విప్పేవాణ్ణి. పుండ్లకు కట్లు కట్టే మా పెద్ద డ్రెస్సరు, అరవాయన, నన్ను 'పొడుపుకథల పండితుడు' అని ఎగతాళి చేసేవాడు. ఆ బిరుదు నాకు బాగానే ఉండేది.

ఒక ఏడు మా చుట్టుపక్కల విషజ్వరం పాకింది. జ్వరం వాళ్లకని ఆసుపత్రి వెనక, పాలారు ఏటి వైపు, తడికెలతో ఒక షెడ్డు వేసి చుట్టూ కంచె కట్టారు. మొదట్లో చూడవచ్చినవాళ్లు మంచాల మధ్య ఇష్టమొచ్చినట్టు తిరిగి, తమవాణ్ణి చూసుకోవడంతో పాటు పక్కవాడి జ్వరాన్ని కూడా ఊరికి మోసుకుపోయారు. అందుకని దొర గట్టిగా చెప్పాడు. రోగి పేరు చెప్పినవాళ్లనే పంపాలి, అదీ ఆ ఒక్క మంచం దగ్గరికే. పేరు చెప్పకపోతే ఎంతటివాళ్లయినా కంచె బయటే. నియమంలో తప్పేమీ లేదు. అది పెట్టాక ఊళ్లలో జ్వరాలు తగ్గాయి కూడా. కంచె గేటు దగ్గర నన్ను నిలబెట్టారు.

ఒక పొద్దున ఆమె వచ్చింది. ముప్పై దాటని మనిషి. నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు, చేతిలో చిన్న మూట. కాట్పాడిలో రైలు దిగి ఏరు దాటి నడిచి వచ్చినట్టుంది, చీర అంచు నిండా ఇసుక. వెంట ఎవరూ లేరు. నోరు విప్పితే మా ఊరి మాట.

"మా ఇంటాయన కోసరం వచ్చినానప్పా. కైలీల మూట ఎత్తుకొని వేలూరికి వచ్చినోడు మళ్లా తిరిగి రాలా. జరం తగిలి పడిపోతే ఈడ చేర్చినారని మా ఊరోళ్లు ఎవురో చూసినట్ల చెప్పినారు. ఈడనే ఉండాడా?"

"పేరేందమ్మా?"

ఆమె నా ముఖం వంక చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు.

"సరే, ఏ దేవుడి పేరో చెప్పు. ఏడుకొండలాయనా?"

తల అడ్డంగా ఊపింది. నెత్తిన గంగ ఉన్నాయనా? కాదు. విల్లు పట్టినాయనా? కాదు. వెన్న తిన్నాయనా? కాదు. ఏనుగు ముఖమాయన దగ్గర కూడా అదే ఊపు. నెమలి ఎక్కేటాయన అనగానే మాత్రం కాసేపు ఆగింది.

"మున్ను అదే ఉణ్ణిందప్పా. ఇప్పుడు కాదు. మార్చుకున్న్యాడు."

"మార్చుకునేదేంది?"

"కిరస్తానంలో కలిసినాడు. నేను కలవలా." మళ్లీ తనే, "విడవనూ లేదు," అంది.

బొట్టూ పసుపుతాడూ చూసి నేను మన దేవుళ్లందరినీ వరసగా తిరగేశాను. పండితుడి పాండిత్యం అక్కడికి సరి. బైబిలు కథలు నాకు తెలియవు. అందులో ఎవరు నెమలి ఎక్కుతారో, ఎవరు విల్లు పడతారో నాకేం తెలుసు? పాత పేరు విన్నా లాభం లేదు, ఆ పేరుతో లోపల ఎవరూ లేరు.

"నీకు తోడుగా ఎవురూ రాలేదా? అన్నదమ్ములు లేరా ఆయనకు?"

"ఉండారు. మతం మారినాడని కట్టుగుడ్డలతో బయటికి తోసినారు. వాకిట్లోకి రానీరు."

పెద్ద డ్రెస్సరు అక్కడికి వచ్చి సంగతి విన్నాడు. చెడ్డవాడు కాదు. "మా ఇంట్లో ఆమె కూడా నా పేరు చెప్పదప్పా, నాకు తెలీదా? అయినా రూలు రూలే. ఈమెను పంపితే రేపు ఇంకొకరు వచ్చి షెడ్డంతా తిరుగుతారు," అన్నాడు అరవంలో. అని అక్కడి నుంచి కదల్లేదు కూడా. ఆయనకూ మనసొప్పలేదన్నమాట.

నేను కొంచెం గట్టిగానే చెప్పాను. "అమ్మా, లోపల జరం ముదిరినోళ్లు ఉండారు. నువ్వు ఈడ కూసోని తడవు చేస్తే, మళ్లా లోపలికి పోయినా పలకరించే దానికి మనిషి ఉంటాడో ఉండడో. ఒక్కసారి చెప్పేయి. ఏమీ కాదు."

ఆమె మూట కింద పెట్టింది.

"నువ్వు నా తోడబుట్టినోడివి అనుకొని చెప్తుండా. లోపల ఆయప్ప పానం ఒగ పోగు మీద యాలాడతా ఉంటాది. నేను పేరు చెప్పి, ఆ పోగు నా చేత్తోనే తెంపేదా?"

ఇప్పటివాళ్లు మూఢనమ్మకం అనేస్తారు, చేతులు దులుపుకుంటారు. నేను ఆమె ముందు నిలబడి ఉన్నాను. పేరు చెప్పకపోతే మొగుణ్ణి చూడలేదు. చెబితే తనే చంపుకున్నదానినని బతికినన్నాళ్లూ ఏడుస్తుంది. ఆమె ఎటు అడుగు వేసినా పోగొట్టుకునేది ఆ మనిషినే.

అప్పుడు ఆమే దారి చూపింది. "ఆ పేరుకు ఒగ కత ఉండాదప్పా. మగ్గం గుంతలో కూసోని పోగుల నడమ నాడె ఆడిస్తా, నాకు నూరుసార్లు చెప్పినాడు. పేరు చెప్పను గానీ కత చెప్తా. నీకే తెలిసిపోతాది."

"చెప్పమ్మా."

"ఒగ నాయనకు పన్నెండు మంది కొడుకులు. ఈ పిల్లోడు కడగొట్టోనికి ముందరోడు. నాయనకు వీడంటేనే పానం. రంగురంగుల అంగీ ఒగటి వీడికి మాత్రం చేయించి ఇచ్చినాడు. ఆ అంగీకి ఎన్ని రంగుల నూలు పట్టిందో, ఎన్ని నాడెలు మార్చినారో అని మా ఆయప్ప ఎన్ని దినాలు యోచన చేసినాడో! అది చూసి అన్నలకు కడుపుమంట. అంగీ ఊడబెరికి, పిల్లోణ్ణి గుంతలో తోసినారు. మళ్లా పైకి తీసి, దోవన పొయ్యే యాపారస్తులకు అమ్మేసినారు. అంగీకి మేక నెత్తురు పూసి, ఏదో మృగం తినేసిందని నాయనకు చెప్పినారు. ఆ పిల్లోడు పరాయి దేశంలో బతికి పెద్దోడయినాడు. కరువొచ్చినప్పుడు ఆ అన్నలే తిండిగింజల కోసరం వీడి వాకిటికి వచ్చినారు. ఆ పిల్లోని పేరే మా ఆయప్పది."

గేటు దగ్గర రోగుల్ని దింపిపోయే జట్కా సాయిబు ఒకాయన ఉండేవాడు. గుర్రానికి మేత వేస్తూ ఇదంతా వింటున్నాడు. ఉన్నట్టుండి గడ్డి పక్కన పెట్టాడు.

"అరే అన్నా, ఇది మా యూసుఫ్ పైగంబర్ కిస్సా గదా! మా అమ్మ చెప్పేది. యూసుఫ్!"

ఆమె చెయ్యి చటుక్కున మెడ దగ్గరికి పోయింది. తాళి పైకి తీసి కళ్లకద్దుకుంది. మొగుడి పేరు ఇంకొకరి నోట వినబడితే మా వైపు ఆడవాళ్లు చేసేది అదే.

షెడ్డులో గంజి పోసే ఆయమ్మ అరవ మనిషి, రోమను కాతలిక్కుల కోవెలకు పోయేది. ఆమె గేటు లోపలి నుంచి, "యూసుఫ్ కాదు, సూసై. మా కోవెల్లో ఉండే సూసైయప్పర్ వడ్రంగి, ఏసుసామిని సాకినాయన. ఆయనకు ఈ పాతకాలపాయన పేరే పెట్టినారని మా పాదిరీ సామియారు చెప్పినాడు," అంది.

మళ్లీ ఆ చెయ్యి తాళి దగ్గరికే.

దొర అప్పుడే షెడ్డు చూడటానికి వస్తూ, ఈ గుంపేమిటని అడిగాడు. నేను కథను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పన్నెండు మంది కొడుకులు, రంగుల అంగీ అనేసరికే దొర చెయ్యెత్తి ఆపాడు. "జోసెఫ్," అన్నాడు.

మూడోసారీ ఆమె తాళి కళ్లకద్దుకుంది. షెడ్డులో ఆ రోజు ఒక జోసెఫ్ ఉన్నాడు, ఒక సూసై ఉన్నాడు, ఒక యూసుఫ్ ఉన్నాడు. జోసెఫ్ జోలార్పేటలో రైలింజనుకు బొగ్గు వేసే ఆంగ్లో ఇండియన్. సూసై తిరుపత్తూరు వైపు నుంచి వచ్చిన, గోడలు కట్టే అరవ పనివాడు. యూసుఫ్‌ను కైలీలు టోకున కొనే సాయిబుల మండీ నౌకర్లు మోసుకొచ్చారు. పొద్దున మందు వేళకు ఈ మూడు పేర్లూ పిలిచేది నేనే. ఒక్క పేరునే మూడుసార్లు పిలుస్తున్నానని ఆ రోజు దాకా నాకు తెలియదు.

పెద్ద డ్రెస్సరు మెల్లగా, "సార్, పేరు చెప్పలేదు కదా, ఏ మంచం దగ్గరికి పంపేది?" అన్నాడు.

"చెప్పింది. మూడు భాషల్లో చెప్పించింది. ఇంకేం కావాలి?" అన్నాడు దొర. గేటు తీశారు.

మొదటి మంచం మీద రైల్వే మనిషి ఆమెను చూసి మర్యాదగా దుప్పటి సర్దుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండో మంచం మీద సూసై గంజి తాగుతున్నాడు. అతనూ కాదు. తడికె మూలలో మూడో మంచం. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి, కళ్లు మూసుకుని ఉన్నాడు. మండీలో వాళ్లు ప్రేమగా యూసుఫ్ భాయ్ అని పిలిచేవారట. మోసుకొచ్చినవాళ్లు అదే చెప్పారు, మేం అదే పిలిచాం. వాళ్లు రోజూ ఒక మనిషిని పంపి ఎలా ఉందని కనుక్కుంటున్నారు కూడా.

"ఈయప్పే," అంది ఆమె. అంత చిన్నగా అంది.

ముందు రోజు నుంచి అతనికి స్పృహ లేదు. నేను ఎంత గట్టిగా పిలిచినా కనురెప్ప కదల్లేదు. దొర నాతో అన్నాడు. "అతనికి తెలిసిన పేరుతో పిలవమను. అలవాటైన గొంతుకు పలుకుతారు ఒక్కోసారి."

ఆ మాట ఆమెకు చెప్పాను. నా పని చెప్పడమే. ఆమె నా వంక చూసింది. నేను దొర వైపు తిరిగి, "పిలవదు సార్," అన్నాను. ఆమె అనకముందే ఆమె మాట నేనే చెప్పేయడం ఉద్యోగంలో అదొక్కసారే. దొరకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "అయితే ఇంట్లో ఎలా పిలుస్తుందో అలాగే పిలవమను," అన్నాడు.

ఆమె మంచం పక్కన గొంతుక్కూర్చుంది. చెవి దగ్గర వంగింది.

"ఇదో... ఇట్ల సూడు. నేను వచ్చినా."

రోడ్డు దాటే నా గొంతుకు కదలని రెప్పలు కదిలాయి. కళ్లు తెరిచి ఆమెను వెతుక్కున్నాడు. గొంతు పెగల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎట్లొచ్చినావు?"

"రైల్లో."

"మగ్గం మీద ఎంత ఉండాది?"

"ఒగ కైలీ ఉండాది. నువ్వు వచ్చి నెయ్యల్ల."

"నీకు రాదా ఏం? నువ్వే నెయ్యి," అన్నాడు. నవ్వినట్టు పెదవులు కదిలాయి.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పెద్ద డ్రెస్సరు అటు తిరిగి మందు సీసాలు సర్దాడు. అవి సర్దే ఉన్నాయి.

తర్వాత కొన్నాళ్లు ఆమె ఆ మంచం విడిచి రాలేదు. గంజి తాగించేది, తడిగుడ్డ వేసేది, ఏవో ఊరి ముచ్చట్లు చెప్పేది. కొంచెం తేరుకున్నాడనుకునేవాళ్లం, మళ్లీ జ్వరం తిరగబెట్టేది. ఒకసారి నేనే, "వాళ్లన్నలకు కబురు పంపించేదా అమ్మా?" అని అడిగాను.

"వొద్దప్పా. ఆ కతలో కూడా కరువొస్తే గానీ అన్నలు రాలా," అంది.

నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. ఆ షెడ్డులో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. మరి రెండు రోజులకో మూడు రోజులకో, పట్టపగలు, ఆమె చెయ్యి పట్టుకుని ఉండగానే అతను పోయాడు.

గుడియాత్తం నుంచి వాళ్ల పాదిరీగారు వచ్చారు. మండీ యజమాని పెద్దసాయిబు, ఆయన మనుషులు వచ్చారు. దిక్కులేని మనిషి అనుకుని తామే మట్టి చేయాలని మొదట్లో అనుకున్నారట. భార్య ఉందని, పాదిరీగారు వచ్చారని తెలిశాక పెద్దసాయిబు ఆమె ఎదుటికి రాకుండా పక్కకు నిలబడి, "సమాధి మీ పద్ధతిలోనే అమ్మా. మోయడానికి భుజాలు మావి తీసుకోండి," అన్నాడు. అలాగే మోశారు.

గొయ్యి తవ్వుతుంటే పాదిరీగారి పక్కన నిలబడి ఆ పేరు సంగతి అడిగాను. పుట్టింది యూదుల హెబ్రూ భాషలో అన్నారు. బిడ్డలు లేక ఏళ్ల తరబడి ఏడ్చిన ఒక తల్లికి కొడుకు పుడితే, దేవుడు ఇంకొకణ్ణి కలుపుగాక అనే అర్థంతో యోసేఫ్ అని పెట్టుకుందట. అరబ్బుల నోట అది యూసుఫ్ అయింది. గ్రీకు దేశం మీదుగా రోముకు పోయి, అటు నుంచి ఇంగ్లీషువాళ్లకు చేరి జోసెఫ్ అయింది. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన పాదిరీల నోట జూజె అయి, అరవనాట సూసై అయింది. బైబిలు తెలుగులోకి దిగినప్పుడు యోసేపు అయింది. ఇన్ని సముద్రాలు దాటిన పేరు మా తడికెల షెడ్డులో మూడు మంచాల మీద పడుకుంటే, రోజూ పిలిచిన నేను గుర్తుపట్టలేదు.

"బాప్తిస్మం ఇచ్చేటప్పుడు నేను వేరే పేర్లు చెప్పాను. రంగుల అంగీ తొడుక్కున్నాయన పేరే కావాలన్నాడు," అన్నారు పాదిరీగారు. "కలుపుగాక అన్న మాట అతనికి చాలా ఇష్టం. వాళ్లకు బిడ్డలు కలగలేదు."

గొయ్యి పూడ్చారు. తలవైపు పాతడానికి ఒక కొయ్య పలక తెచ్చి, కాటికాపరి సున్నం కుంచె పట్టుకుని, "పేరేంది సామీ రాసేది?" అని అడిగాడు. పాదిరీగారు చెప్పబోయారు. అలవాటు కొద్దీ నేనూ నోరు తెరిచాను.

"ఉండండప్పా," అంది ఆమె. "నేను చెప్తా."

మేం ఆగిపోయాం. ఆమె లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"యోసేపు."

కాపరి కుంచె ముంచలేదు.

"ఇంగ చెప్తే ఏమయితాది?" అంది మా అందరి వంకా చూసి. తర్వాత మట్టి వైపు తిరిగి, వీధిలో ముందు నడిచిపోతున్న మనిషిని ఆగమని కేకేసినట్టు, గొంతెత్తి పిలిచింది. "యోసేపూ!"

పిలిచి ఆగింది. పాదిరీగారూ మండీవాళ్లూ తలలు వంచుకున్నారు. ఊరందరినీ పేరు పెట్టి పిలిచి జీతం తీసుకున్నవాణ్ణి, ఆమెకు ఒక్క మాట చెప్పడానికి నాకు గొంతు రాలేదు. ఆమె కాసేపు అలాగే చూసి, మళ్లీ పిలిచింది.